ఇంట్లో ఒకరికి మనసు బాగోలేనప్పుడు: ప్రభుత్వ వైద్యం అందుకోవడం ఎలా

మా బాబాయి టైలరు. ఊళ్లో పెళ్లి జాకెట్లన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఒక ఎండాకాలం ఆయనకి నిద్ర పట్టడం మానేసింది. టీవీలో వార్తలు చదివే అమ్మాయి తన గురించే చెబుతోందన్నాడు. కొన్నాళ్లకి అన్నంలో ఎవరో విషం కలుపుతున్నారని తినడం మానేశాడు. గాలి సోకిందని కొందరన్నారు, చేతబడి అని ఇంకొందరన్నారు. తాయెత్తులు, పూజలు, దర్గాలు అంటూ తిరుగుతుండగానే రెండేళ్లు గడిచిపోయాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో దీనికంటూ ఒక విభాగం ఉంటుందని, అక్కడ మందులు ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోందని మాకు ఒక్కరూ చెప్పలేదు. అలాంటి రెండేళ్లు మీ ఇంట్లో పోకూడదని ఇది రాస్తున్నాను.

మనలో చాలామందికి పిచ్చాసుపత్రి అనగానే ఎత్తు గోడలే గుర్తొస్తాయి. కానీ ప్రభుత్వం తన మీద వేసుకున్న పని మనుషుల్ని గోడల వెనక పెట్టడం కాదు, ఉన్న ఊళ్లోనే బాగుపడేలా చూడడం. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండే మామూలు డాక్టరుకీ, ఆరోగ్య కార్యకర్తలకీ శిక్షణ ఇస్తే చాలామందికి దగ్గర్లోనే వైద్యం అందుతుందని బెంగళూరులో ఉన్న జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు కర్ణాటకలోనే ఉన్న బళ్లారి జిల్లాలో చేసి చూపించారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాసిపెట్టింది. కాబట్టి ఓపీ దగ్గర నిలబడినప్పుడు ఎవరి దయ కోసమో వచ్చినట్టు నిలబడకండి.

మొదట, ఎంత తొందరో చూసుకోండి

చాలాసార్లు ఒకటి రెండు రోజులు కూడదీసుకోవడానికి టైమ్ ఉంటుంది. కొన్నిసార్లు ఉండదు.

బతకాలని లేదని, తను లేకపోతేనే అందరికీ మంచిదని మనిషి అంటుంటే తేలిగ్గా తీసుకోకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని పక్కన కూర్చుని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతాం. అలా జరగదు. అడిగే మనిషి దొరికినందుకు చాలామందికి గుండె బరువు కొంత దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, ఇంట్లో పోగుపడిన మాత్రలు ఆ రోజే బయటికి పంపేయండి. చేయి దాటేలా ఉంటే 108కి ఫోన్ చేయండి. పోలీసు కేసు అవుతుందని దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని, వైద్యం అందించాలని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది.

ప్రసవమైన కొద్ది రోజులకే బాలింత నిద్రపోకుండా, సంబంధం లేని మాటలు మాట్లాడుతుంటే అదే రోజు తీసుకెళ్లండి. "పచ్చి బాలింత, బయటికి తీసుకురాకూడదు" అని ఆగొద్దు. నిన్నటిదాకా బాగున్న పెద్దవాళ్లు జ్వరంతో ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోతే అది ఒంట్లో జబ్బు కావచ్చు. ముందు జనరల్ డాక్టరుకి చూపించాలి.

రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేసినప్పుడు రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. ప్రాణం మీదికి కూడా వస్తుంది. దేవుడి ముందు ఒట్టు వేయించి ఇంట్లో పడుకోబెట్టడం దీనికి మందు కాదు, ఆసుపత్రిలో ఉంచి మాన్పించాలి. మత్తుమందు కలిపిన కల్లు విషయంలోనూ ఇంతే. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు నుంచి వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకి వచ్చినవాళ్లు ఎందరో. వాళ్లు చెడ్డవాళ్లూ కాదు, బలహీనులూ కాదు. ఆ మత్తుకి శరీరం అలవాటు పడిపోయింది, అంతే.

ఇల్లు కదలకుండా చేయగలిగిన పని

14416కి ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున మొదలైంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు, మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెబుతారు. జబ్బు మనిషే చేయాలని లేదు, చూసుకునేవాళ్లూ చేయొచ్చు. మూడు నెలలుగా నిద్రలేని భార్య, చదువు టెన్షన్‌తో ఎవరికీ చెప్పుకోలేని హాస్టల్ పిల్లాడు, ఎవరైనా సరే.

ఎక్కడికి వెళ్లాలి

ఊళ్లో ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎమ్మునో అడగడంతో మొదలుపెట్టండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టర్లు ఏ రోజు ఎక్కడికి వస్తారో వాళ్లు కనుక్కుని చెప్పగలరు. ఆ బృందంలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉండాలి. అన్ని జిల్లాల్లో అన్ని పోస్టులూ నిండి లేవు. అందుకే ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. లేదంటే నేరుగా జిల్లా ఆసుపత్రికో, మెడికల్ కాలేజీకి ఉన్న జనరల్ ఆసుపత్రికో వెళ్లి సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో అడగండి.

హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం వాల్తేరు మానసిక వైద్యశాలలు పెద్దవి. అలాగని ప్రతిదానికీ అంతదూరం పోనక్కర్లేదు. నిద్ర పట్టకపోవడం, దిగులు, భయం, గుండె దడ లాంటివాటికి మీ జిల్లాలోనే వైద్యం దొరుకుతుంది.

దర్గాకో గుడికో వెళ్లకూడదా అని అడుగుతారు. నమ్మకం ఉంటే వెళ్లండి, డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం ఆపకండి. గుజరాత్‌లో ఉనావా అనే ఊళ్లో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ 'దవా-దువా' అని ఒక పద్ధతి పెట్టారు. దువా కోసం వచ్చినవాళ్లని దర్గా పెద్దలే ఆ ప్రాంగణంలోని సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తారు. రెండింటికీ తగవు పెట్టకపోతే మనిషి వైద్యానికి ఒప్పుకుంటాడని అక్కడివాళ్లు గ్రహించారు. కొడతామని, పొగ పెడతామని, గొలుసు వేస్తామని ఎవరైనా అంటే మాత్రం అక్కడ ఒక్క నిమిషం కూడా ఉండకండి.

ఓపీ రోజు

వెళ్లే ముందు రాత్రి ఒక కాగితం మీద ఐదారు లైన్లు రాసుకోండి. ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది, ఇంతకుముందు ఏ మాత్రలు వాడారు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా, తాగుడు ఉందా. డాక్టరుకి జనం ఎక్కువ, మీకు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కాగితం ఉంటే ఆ నిమిషాలు వృథా పోవు. థైరాయిడ్, షుగర్, బీ12 పరీక్షలు రాస్తే చేయించండి, ఒంట్లో లోపం కూడా మనసు మీద పడుతుంది.

మమ్మల్ని మొదట పంపిన ఆసుపత్రిలో (పేరు చెప్పను) హాలు నిండా జనం. లోపల బల్ల చుట్టూ ఐదారుగురు నిలబడి ఉన్నారు. "ఏంటి, ఎప్పటినుంచి పిచ్చి?" అని చీటీలు తీసుకునే మనిషి అందరి ముందూ అడిగాడు. బాబాయి తల వంచుకున్నాడు. అన్ని ప్రశ్నలూ నన్నే అడిగారు, ఆయన అక్కడ లేనట్టే. ఆ తర్వాత ఆరు నెలలు ఆయన్ని ఆసుపత్రి మెట్లు ఎక్కించలేకపోయాం.

రెండోసారి వేరే ఆసుపత్రికి వెళ్లాం. అదీ ప్రభుత్వానిదే, జనం అంతే, ఫ్యాన్లు అంతే. ఒక నర్సు చీటీ చూసి, స్టూలు దగ్గరికి లాగి, "టైలరు గారట కదా, కూర్చోండి. రాత్రి ఎన్నింటికి పడుకున్నారు?" అని ఆయన్నే అడిగారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ ఎదురు చూశారు, నన్ను అందుకోనివ్వలేదు. తర్వాత ఆయన మెల్లగా, "ఆ కర్టెన్ కుట్టు ఊడిపోతోందమ్మా" అన్నాడు. గది మధ్యలో వేలాడుతున్న ఆకుపచ్చ తెర అంచు నిజంగానే దారాలు దారాలుగా వేలాడుతోంది. ఎన్నో నెలల తర్వాత తన భయాలు కాకుండా ఇంకో వస్తువు గురించి ఆయన అన్న మొదటి మాట అదే. ప్రభుత్వ వైద్యం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. మందు రెండు చోట్లా అదే. మాట వేరు.

కాబట్టి మీరు ఏం అడగొచ్చో తెలుసుకోండి. "తలుపు దగ్గరికి వేస్తారా?" అని అడగొచ్చు. జబ్బు వివరాలు బయటికి చెప్పకూడదన్నది చట్టంలో ఉంది. "ముందు ఆయన్ని అడగండి, తర్వాత నేను చెబుతాను" అనొచ్చు. జబ్బేమిటి, ఈ మందు ఎందుకు, ఎన్నాళ్లు అని అడగొచ్చు. ఆడవాళ్లయితే లోపలికి తోడు ఎవరు రావాలో వాళ్లనే చెప్పనివ్వండి. కొన్ని మాటలు అత్తగారి ముందో, భర్త ముందో రావు. మర్యాదగా అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

మందుల దగ్గర చేసే తప్పులు

అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మానసిక వైద్యం మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాలి. లేవు, బయట కొనుక్కోండి అంటే ఫార్మసీ దగ్గరే ఆగిపోకండి, ఆర్‌ఎంఓనో (ఆసుపత్రి రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) సూపరింటెండెంట్‌నో కలవండి. అదే పని చేసే ఇంకో మందు స్టాకులో ఉందేమో డాక్టర్ని అడగండి.

దిగులుకి ఇచ్చే మాత్రలు మింగిన మర్నాడే పనిచేయవు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం, నోరెండిపోవడం లాంటివి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. మంచి కనపడకముందే చెడు కనపడేసరికి చాలామంది పదో రోజుకే ఆపేస్తారు. ఇంకొందరు బాగుపడ్డాక ఆపేస్తారు. రెండూ డాక్టరుకి చెప్పకుండా చేయకూడనివే. ఒళ్లు బిగుసుకుపోవడం, చేతులు వణకడం, చొంగ కారడం కనిపిస్తే దాచుకోకండి. మోతాదు మార్చొచ్చు, మందే మార్చొచ్చు. లిథియం వాడేవాళ్లు రక్త పరీక్షలు తప్పకుండా చేయించుకోవాలి. వాంతులు విరేచనాలు పట్టుకున్నా, ఎండదెబ్బకి ఒంట్లో నీరు తగ్గినా రక్తంలో ఆ మందు శాతం పెరుగుతుంది. నడక తూలుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. క్లోజపిన్ వాడేవాళ్లకి జ్వరం, గొంతు నొప్పి వస్తే రక్త పరీక్ష చేయించాలి. "నరాల బలహీనత" అని ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే నిద్రమాత్రలు నెలల తరబడి వాడకండి, అవి అలవాటైపోతాయి.

మేం చేసిన ఒక తప్పు చెబుతాను. బాబాయి మాత్రలు మింగనంటే పిన్ని వాటిని పొడి చేసి పెరుగన్నంలో కలిపేది. డాక్టర్ని అడగలేదు, మాకే తోచింది. ఒకరోజు ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. వేలితో అన్నం విడదీసి తెల్లటి పలుకు ఒకటి బయటికి తీశాడు. దాన్ని గోరు మీద పెట్టుకుని దీపం దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. అన్నంలో ఏదో కలుపుతున్నారని రెండేళ్లుగా ఆయన అంటున్నది ఆ రాత్రి నిజమైంది. మా మీద నమ్మకం పోయింది, మందు మీదా పోయింది. మళ్లీ ఆయన పిన్ని చేతి అన్నం తినడానికి చాలా కాలం పట్టింది. మీ ఇంట్లో ఇలాంటి ఇబ్బంది వస్తే డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పండి. రెండు నుంచి నాలుగు వారాలకి ఒకసారి వేసే ఇంజక్షన్లు ఉన్నాయి. రోజూ మాత్రల గొడవ లేకుండా మనిషి ఒప్పుకునే దారి అదే కావచ్చు. మాకు అదే కుదిరింది. మొదటి ఇంజక్షన్‌కి ముందు ఆ నర్సే ఆయనకి అన్నీ వివరించి, "మీరు సరేనంటేనే" అన్నారు.

ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచాయి. లోపలివాళ్లని గొలుసులతో కట్టేసి ఉంచారు, వాళ్లు పరిగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. వాళ్లని అక్కడ దింపి వెళ్లినవాళ్లందరూ కఠినాత్ములని నేను అనుకోను. ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు, రోజూ చూసుకునే ఓపిక అయిపోయినవాళ్లు. ప్రభుత్వ వైద్యం ఊరిదాకా రావడం ఎందుకు అవసరమో చెప్పమంటే నేను ఏర్వాడి పేరే చెబుతాను. ఇప్పటి చట్టం ప్రకారం ఎవరినీ ఏ రకంగానూ గొలుసుతో కట్టకూడదు. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా కరెంటు వైద్యం చేయకూడదు. బలవంతంగా గుండు చేయకూడదు.

చేర్చుకోవడంలో ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి. మనిషి తనంతట తాను ఒప్పుకుని చేరడం మొదటిది, అన్నిటికంటే మంచిది. అలా చేరినవాళ్లు వెళ్లిపోతానంటే మామూలుగా పంపాల్సిందే. పరిస్థితి విషమంగా ఉంటే డాక్టరు 24 గంటల వరకు ఆపి పరీక్షించొచ్చు. తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం ఉన్నప్పుడు, తనని తాను చూసుకోలేని స్థితి ఉన్నప్పుడు తన తరఫు మనిషి, మామూలుగా కుటుంబంలో ఒకరు, అడిగితే చేర్చుకోవడం రెండోది. దానికి ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి ఒప్పుకోవాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. అదీ మొదట 30 రోజులకి మించకూడదు.

మనిషి బాగున్న రోజుల్లోనే ఒక పని చేయించండి. తను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే తన తరఫున ఎవరు మాట్లాడాలో తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేయొచ్చు. చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. మా బాబాయి పిన్ని పేరు రాస్తాడనుకున్నాం, చెల్లెలి పేరు రాశాడు. అన్నం సంగతి ఆయన మరిచిపోలేదు. పిన్ని బాధపడింది, అయినా ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టింది తనే.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జి రోజున మందుల చీటీతో పాటు మూడు సంగతులు కనుక్కోండి. మళ్లీ ఎప్పుడు రావాలి, అదే మందు మీ ఊరి దగ్గర ఏ కేంద్రంలో దొరుకుతుంది, జబ్బు తిరగబెట్టే ముందు ఏం కనిపిస్తుంది. ఆ మూడోది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మా ఇంట్లో అయితే రాత్రి రెండింటికి మిషన్ చప్పుడు. వరసగా రెండు రాత్రులు వినిపిస్తే తేదీ దాకా ఆగకుండా బయల్దేరతాం.

పని ఇవ్వండి, కొంచెం కొంచెంగా. బాబాయి మొదట దిండు గలీబులు కుట్టాడు, తర్వాత లంగాలు. జాకెట్ల దాకా రావడానికి ఏడాది పట్టింది. ఊళ్లో ఆడవాళ్లు మళ్లీ కొలతలకి రావడం మొదలుపెట్టాకే ఆయన ముఖంలో పాత కళ వచ్చింది. అది ఏ మాత్రా ఇచ్చింది కాదు.

జబ్బు ఏళ్ల తరబడి ఉండి పని చేసుకోలేకపోతుంటే వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో పరీక్ష చేయించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఒకటి. 40 శాతం, ఆ పైన ఉంటే పింఛనుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెలంగాణలో 2023లో వికలాంగుల పింఛను నెలకి 4,016 రూపాయలు చేశారు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 ఇస్తున్నారు. పాత ఓపీ చీటీలన్నీ అక్కడ పనికొస్తాయి, ఒక్కటీ పారేయకండి.

ఆసుపత్రిలో అవమానం జరిగితే సూపరింటెండెంట్‌కి రాసి ఇచ్చి, ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మేం మొదటి ఆసుపత్రి గురించి అలా చేయలేదు, ఇప్పటికీ నాకు అదొక వెలితే. ఉచిత న్యాయసాయం కోసం 15100 ఉంది, మానసిక జబ్బు ఉన్నవాళ్లకి ఆ హక్కు ఉంది.

మళ్లీ రమ్మన్న తేదీని చీటీ మీదే వదిలేయకండి, మనిషికి రోజూ కనపడే చోట రాయండి. ఆ రోజున పెళ్లిళ్లు, పొలం పనులు పెట్టుకోకండి. మా ఇంట్లో ఆ తేదీని బాబాయే రాసుకుంటాడు, మిషన్ బల్ల మూల మీద, గుడ్డకి గీతలు పెట్టే సుద్దతో. వెళ్లొచ్చాక అరచేత్తో తుడిచేసి కొత్త తేదీ రాస్తాడు.